డోరు కడుపులో అక్షింతలు

"డోరు లోపలంతా శుభ్రం చేసిన" అని పోలీసు కాగితం మీద సంతకం పెట్టిన మనిషికి, ఆ డోరునే నలుగురి ముందు విప్పి చూపించమంటే ఎలా ఉంటుందో బుధవారం మధ్యాహ్నం సంజీవకు తెలిసొచ్చింది.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన కార్ల అద్దాలు బిగించే షాపు అతనిది. షాపు ముందు తెల్లకారు నిలబడి ఉంది. సోమవారం పొద్దున ఆ కారు ఎడమ వైపు ముందు డోరుకు తనే కొత్త అద్దం వేశాడు. మంగళవారం కారునూ, దాన్ని నడిపే బాలేష్‌నూ పోలీసులు పట్టుకుపోయారు. ఆదివారం పొద్దుగూకే వేళ పెద్ద చెరువు కట్ట మీద కావలి గోపయ్యను ఏదో బండి గుద్ది చంపింది. పక్కన తుప్పల్లో గాజుముక్కలు దొరికాయి. మరునాడే అద్దం మార్పించింది బాలేష్. చేపల దగ్గర గోపయ్యతో గొడవపడిందీ బాలేషే. ఇంకేం కావాలి? సాయంత్రంలోగా కోర్టులో నిలబెట్టి జైలుకు పంపడమే మిగిలింది.

మరి ఎస్సై నర్మద ఆ కారును మళ్లీ తన షాపుకు ఎందుకు తెచ్చినట్టు?

ఆమె వచ్చీ రాగానే పక్క టీకొట్టు శోభనూ, టైర్ల షాపు యోబునూ పిలిచి సాక్షులుగా నిలబెట్టింది. తర్వాత యూనిఫాం మాస్తుందని కూడా చూడకుండా డోరు పక్కన గొంతుక్కూర్చుంది. నలభై దాటిన మనిషి. మాట మెత్తన. ఆ మెత్తదనమే సంజీవకు ఎక్కువ భయంగా ఉంది.

"సంజీవన్నా, అద్దం ఎట్ల పగిలిందన్నడు బాలేష్?"

"పోరగాండ్లు బాలు కొట్టిన్రన్నడు మేడమ్. సోమవారం పొద్దుగాల."

"బాలు బయటి నుంచే తగుల్తది గదా?"

"అవ్ మేడమ్."

"మరి ముక్కలు సీటు మీద పడాలె. నీ కాడికి వచ్చినప్పుడు సీటు మీద ఎన్నున్నయ్?"

సంజీవ సీటు వైపు చూశాడు. సీటు మీద ఒక్క ముక్క లేదు. అద్దమంతా డోరు లోపలే కూలి ఉంది. ఆ సంగతి సోమవారమే అతనికి వింతగా తోచింది. కానీ బాలేష్ తన రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, ఎప్పుడు పగిలిందని ఎవరడిగినా నాకు తెల్వదను, నీ పిల్లల మీద ఒట్టు" అని ప్రమాణం చేయించుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. చేసిన ప్రమాణం ఇప్పుడు అడ్డం పడింది.

నర్మద అతని ముఖంలోకి కాసేపు చూసింది. నవ్వింది.

"ఒట్టు పెట్టినట్టున్నవ్. మంచిదే, నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. డోరైతే ఎవరికీ ఒట్టు పెట్టలే గదా? విప్పు."

సంజీవకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. మంగళవారం వచ్చిన ఇన్‌స్పెక్టర్ జగదీశ్వర్ బల్ల మీద లాఠీ పెట్టి అడిగాడు. తాను రాయించిందాని కింద సంతకం పెట్టించుకుని పోయాడు. ఈమె అడగాల్సింది మనిషిని కాదని ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చింది. ఇటువంటి పోలీసు ఉంటుందని ఎవరైనా చెబితే సంజీవ నమ్మేవాడు కాదు.

స్క్రూలు తీశాడు. డోరుకు లోపలి వైపు బిగించిన ప్యాడు కింది అంచు పట్టి లాగాడు. టపటపా క్లిప్పులు ఊడాల్సిన చోట చర్రున చిరిగిన చప్పుడైంది. ఒక మూల క్లిప్పుకు బదులు గమ్ము టేపు అంటించి ఉంది.

"నా స్టవ్వు గిట్ల గీ టేపుతోనే బిగించినవ్ గదన్నా," అంది శోభ. "అందుకే చాయ్ కాగుతుంటే స్టవ్వు నా దిక్కు నడ్సుకుంట వస్తది."

యోబు పకపకా నవ్వాడు. సంజీవ చెవులు ఎర్రబడ్డాయి.

"జర ఊకోక్కా," అని అతను డోరు రేకు మధ్యనున్న పెద్ద రంధ్రంలోకి చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు!" నర్మద గొంతు మొదటిసారి పెరిగింది. "చెయ్యి పెట్టకు. ఉన్నది ఉన్నట్టే చూడాలె."

ఫోనులో లైటు వేసి, వీడియో పెట్టి, ఆ రంధ్రంలోంచి మెల్లగా లోపలికి దింపింది. ముందు వైపు అడుగున నాలుగైదు గాజుముక్కలు తప్ప రేకు బోడిగానే ఉంది. సోమవారం సంజీవ చెయ్యి అందినంత మేర ఊడ్చిన చోటు అది. ఫోను వెనక మూలకు తిరిగింది. అక్కడ ఇనుప పట్టీ చాటున, చెయ్యి అందని చోట, తాను ఊడ్వని కుప్ప అలాగే ఉంది. ఫోను తెర మీద అది పెద్దగా, నిగనిగలాడుతూ కనపడుతుంటే సంజీవకు భూమిలోకి పోయినట్టయింది.

"సంతకం పెట్టినవ్ గదన్నా, అంతా శుభ్రం చేసిన అని," అంది నర్మద.

"చెయ్యి పట్టలే మేడమ్..."

"నువ్వు శుభ్రంగ చేసే మనిషివైతే ఇయ్యాల బాలేష్ పని అయిపోతుండె. నీ బద్ధకానికి దండం పెట్టాలె." ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అంది. "ఇటు రాక్కా, యోబన్నా నువ్వు గూడ. ఏం కనవడుతుందో చెప్పుండ్రి. నేను చెప్పను, మీరే చెప్పాలె."

శోభ కళ్లు చిన్నవి చేసి చూసింది. "గాజుపెంకులు. దాని మీద... పసుపు బియ్యం! అవ్, అక్షింతలే. బంతిపూల రెక్కలు గూడ ఉన్నయ్."

"దాని మీదనా, దాని కిందనా?"

"మీదనే."

"యోబన్నా?"

"మీదనే మేడమ్. కూర మీద కొత్తిమీర చల్లినట్టు."

అప్పుడే ఒక జీపు షాపు ముందు దుమ్ము లేపుతూ ఆగింది. ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టర్ జగదీశ్వర్ దిగాడు. ఈ కేసు కోసమే పైనుంచి వేసిన ప్రత్యేక బృందానికి ఆయనే పెద్ద. వెనక సీట్లో బాలేష్ ఉన్నాడు. చేతికి వేసిన బేడీ జీపు ఊచకు తగిలించి ఉంది. పక్కన ఒక కానిస్టేబుల్. డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి, శోభకు చాయ్ చెప్పి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

"నర్మదా! కోర్టుకు పోయే బండికి ఎదురుగ ఈ సంత ఏంది? ఎవరినడిగి తెచ్చినవ్ ఈ కారు?"

"మీకు ఫోన్ చేసిన సార్, ఎత్తలే. మెసేజ్ పెట్టిన. ఏసీపీ సార్‌ను అడిగి తెచ్చిన."

"ఏసీపీ సార్‌కు నువ్వేం చెప్తే అదే. ఆదివారం రాత్రి టార్చిలైటు పట్టుకోని కట్ట మీద తిరిగినవ్, తెల్లారి మళ్ల తిరిగినవ్, ఒక్క గాజుముక్క కనవడలే నీకు. మా టీం మధ్యాహ్నం వచ్చింది, తుప్పలు జరిపింది, దొరికింది. నీ కళ్లకు చత్వారం వస్తే కేసుకేమాయె?"

"చత్వారం వచ్చింది సార్, నిజమే. అందుకే దగ్గరికొచ్చి చూస్తున్న. మీరు గూడ జర దగ్గరికి రారాదు."

శోభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జగదీశ్వర్ ఆమెను ఉరిమి చూసి, డోరు దగ్గరికి వచ్చి, ఫోనులో వీడియో చూశాడు.

"అయితే ఏంది? పెండ్లి బండి నడిపిండు, అక్షింతలు పడ్డయ్."

"ఆదివారం పొద్దున పెండ్లి, తుర్కయాంజాల్‌ల. ఊరేగింపు అయ్యి, పిల్లను పొద్దుగూకక ముందే అత్తగారింట్ల దించిండు. గోపయ్య చచ్చింది ఆ తర్వాత. మీ లెక్కన గోపయ్యను గుద్దినప్పుడు అద్దం పగలాలె. అంటే ముందు అక్షింతలు పడాలె, వాటి మీద గాజు పడాలె. ఈడ తలకిందులుగ ఉన్నది."

జగదీశ్వర్ తల తేలిగ్గా ఆడించాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. "బండి నడుస్తది నర్మదా, గుంతల్ల ఊగుతది. గాజు బరువు, కిందికి పోతది. బియ్యం తేలిక, మీదికొస్తది. కోర్టుల నా వకీలు ఇదే అంటడు. ఏమంటవ్?"

నిజమే కదా అనిపించింది సంజీవకు. నర్మద మాత్రం ఆ ప్రశ్న కోసమే కాచుకున్న దానిలా శోభ వైపు చెయ్యి చాపింది. "అక్కా, నీ అట్లకాడ ఒకటి తే. కడిగింది."

అట్లకాడ వచ్చింది. నర్మద దాన్ని డోరు లోపలికి పెట్టి, ఫోను యోబు చేతికిచ్చి పట్టుకోమంది. కుప్ప కిందికి అట్లకాడ అంచు దూర్చి, పెనం మీద అట్టు తిరగేసేటప్పటి నేర్పుతో మెల్లగా పైకి లేపింది. గాజు రాలలేదు. ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని చాపలాగా లేచాయి. పైన అక్షింతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఎండకని అద్దానికి లోపల పల్చటి ఫిల్మ్ అంటించిండు బాలేష్," అంది ఆమె. "అంచులు రాలినా, ఈడ ఫిల్మ్ ముక్కల్ని పట్టుకోనే ఉన్నది. మధ్యల సందు లేదు సార్, బియ్యం కిందికి పోనీకి, మీదికి రానీకి. యోబన్నా, చాప కింద చూడు. రేకు మీద ఒక్క గింజన్న ఉందా?"

యోబు మోకాళ్ల మీద కూర్చుని, ఫోను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. "లేదు మేడమ్. ఒట్టి రేకే."

తన షాపులో, తన పానాల మధ్య, చాయ్‌కొట్టు అట్లకాడతో ఒక మనిషి మెడ మీది ఉరి వదులవుతుంటే సంజీవ రెప్ప వేయకుండా చూశాడు. ఇన్నేళ్లుగా ఎన్ని డోర్లు విప్పాడో! లోపల ఉన్నదాన్ని చెత్త అనుకుని ఊడ్చాడే తప్ప ఎప్పుడూ చదవలేదు.

నర్మద లేచి జీపు దగ్గరికి నడిచింది. "బాలేషూ, అద్దం పెండ్లికి ముందే పగిలింది గదా?"

జీపులోంచి వచ్చిన జవాబుకు అందరూ తల తిప్పారు.

"కాదు మేడమ్! సోమవారమే! నేనే... మీ కాళ్లు మొక్కుత, సోమవారమే అని రాసుకోండ్రి!"

జైలుకు పోనివ్వమని కాళ్లు మొక్కే మనిషిని సంజీవ అప్పటిదాకా చూడలేదు.

"పెండ్లిపిల్ల నీ చెల్లె," అంది నర్మద మెల్లగా. "ఆ బండి అద్దమే పగిలిందని తెలిస్తే అపశకునం అంటరని దాచినవ్. రేపు ఆ ఇంట్ల పాలు విరిగినా ఆ పిల్లనే అంటరు. అందుకేనా?"

బాలేష్ తల ఊచకు ఆనించాడు. "శనివారం టిప్పర్ కిందికెళ్లి రాయి లేచి తాకింది మేడమ్. వేరే బండి దొరకలే, పెండ్లిళ్ల దినాలు. పొద్దుగాల పూలు కట్టేటప్పుడు దించిన, లోపల్నే కూలిపోయింది. కనవడకుండ పూలదండలు అడ్డం కట్టిన. ఆడోళ్లు అక్షింతలేస్తుంటే కిటికీల నుంచి లోపల పడ్డయ్... నేనేమన్న అయిత గానీ మేడమ్, మా చెల్లె అత్తగారింటికి ఈ మాట పోవద్దు."

"పోదు. నువ్వు ఇంటికి పోతవ్," అంది నర్మద. బేడీ పడ్డ చేతి మీద ఒకసారి తట్టి వెనక్కి వచ్చింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయో, ఎండకు మెరిశాయో సంజీవకు తెలియలేదు.

జగదీశ్వర్ గొంతులో ముందటి జోరు లేదు. మొండితనం ఉంది. "సరే, కథ బాగున్నది. కట్ట మీద మాకు దొరికిన గాజు ఎక్కడిది మరి? ఇదే రంగు, ఇదే మందం."

"నేనూ అదే అడుగుతున్న సార్. ఆ ప్యాకెట్ మీ వెంట ఉన్నదా?"

"కోర్టుల ఇయ్యనీకి తెచ్చిన."

"సీలు తియ్యొద్దు. పైనుంచే చూద్దాం."

జగదీశ్వర్ కేకేశాడు. కానిస్టేబుల్ జీపు దిగి ప్యాకెట్ తెచ్చి, తనూ చూద్దామని అక్కడే నిలబడిపోయాడు. పారదర్శకంగా ఉన్న కవరు, మూతికి లక్క ముద్ర. నర్మద దాన్ని ఎండకు ఎత్తి పట్టి, ఒక పక్కకు వంచి, వేలితో తట్టింది. గాజుముక్కలు ఒక్కొక్కటే జారాయి. వాటి వెనక రెండు పసుపు గింజలు జారాయి.

రోడ్డు మీద టిప్పర్లు ఒకదాని వెంట ఒకటి రొదగా పోతున్నాయి.

"చెరువు కట్ట మీద ఎవరి పెండ్లి అయింది సార్?"

"డోర్ల నుంచే రాలి ఉంటయ్..." జగదీశ్వర్ మాట పూర్తి చేయలేకపోయాడు. మూసి ఉన్న డోరు కడుపులోంచి గాజు బయటికి ఎలా రాలుతుందో ఆయనకే తట్టలేదు.

నర్మద ఇంకోసారి తట్టింది. ఈసారి గాజు మధ్యలోంచి తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి పైకి తేలింది. పుట్టగొడుగు తలలాగా ఉంది.

"సంజీవన్నా, ఇదేంది?"

సంజీవ చూడగానే గుర్తుపట్టాడు. నిజం చెబితే, కట్ట మీద దొరికిందన్న సాక్ష్యం తన షాపు చెత్తేనని నలుగురి ముందు చెప్పినట్టవుతుంది. ఇన్‌స్పెక్టర్ రేపు షాపు మూయించినా మూయిస్తాడు. చెప్పకపోతే, ఆ జీపులో ఊచకు తల ఆనించి కూర్చున్న పిల్లగాడు ఏమవుతాడు? నర్మద తొందరపెట్టలేదు. బెదిరించలేదు. అతను మంచి మాటే చెబుతాడని ముందే నమ్మినట్టు నిలబడింది. ఆ నమ్మకం ముందు నిలవడమే కష్టం.

"మా షాపుది మేడమ్," అన్నాడు. "ప్యాడు క్లిప్పు. సోమవారం నేను గుంజినప్పుడే విరిగింది. అంతకుముందు ఈ ప్యాడు ఎవరూ తియ్యలే, కంపెనీ బిగింపే ఉండె. దీని కాడ ఇగో, ప్యాడుకే ఉన్నది. గందుకే టేపు ఏసిన." టేపు పీకి చూపించాడు. విరిగిన కాడ అక్కడే ఉంది. నర్మద కవరును దాని పక్కన పెట్టింది. విరిగిన వాలు ఒకటే.

"అంటే, ఈ గాజు సోమవారం పొద్దున ఈ డోరు నుంచి నీ చేతుల మీదుగ బయటికొచ్చింది. మధ్యాహ్నం కట్ట మీద తుప్పల్ల దొరికింది." ఆమె గొంతు ఇంకా మెత్తబడింది. "సార్, ఈ గాజు మీకు చూపించింది ఎవరు? మీ టీం అంటే అందరూ కాదు. ముందు చూసింది ఎవరు?"

జగదీశ్వర్ ముఖంలో రంగు మారింది. నర్మద సంజీవ వైపు తిరిగింది.

"ఊడ్చిన ముక్కలు ఏంజేసినవన్నా?"

"డబ్బాల పోసిన మేడమ్. చాయ్ తాగనీకి వచ్చినాయన అడిగి పట్టుకపోయిండు. ఇంట్ల చేపల తొట్టి ఉన్నదంట, అడుగుల పోస్తే మెరుస్తదన్నడు. చెత్తనే గదా అని కవర్ల పోసి ఇచ్చిన. మామూలు అంగీల ఉండె ఆ దినం. ఇయ్యాల యూనిఫాంల చూసి ఎవరో అనుకున్న గానీ... మేడమ్, ఆ జీపు డ్రైవరే."

"ఎల్లేష్," అన్నాడు జగదీశ్వర్. ఆ పేరు ఆయన నోట్లోంచి రాయిలా పడింది. "తుప్పలు జరిపి చూపించింది ఎల్లేషే."

అందరూ ఒక్కసారే రోడ్డు వైపు తిరిగారు.

జీపు లేదు.

జీపు నిలబడిన చోట ఇంకా దుమ్ము వాలలేదు. కానిస్టేబుల్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. బేడీ తాళంచెవి అతని జేబులో ఉంది. బాలేష్ ఊచకు కట్టేసి ఉన్నాడు. దూకి పారిపోయే వీలు కూడా లేదు.

జగదీశ్వర్ ఎల్లేష్‌కు ఫోను కలిపాడు. ఫోను మోగింది. టీకొట్టు ముందు బల్ల మీద మోగింది.

"అయ్యో, చాయ్ చెప్పి తాగకుండనే పోయిండు, ఫోను గిట్ల మర్చిపోయిండా?" అంది శోభ.

"మర్చిపోలేదక్కా," అంది నర్మద. "ఎటు పోయిండో మనకు తెల్వొద్దని వదిలిండు. ఎటు దిక్కు తిరిగింది జీపు?"

"కోర్టు దిక్కు గాదు. కట్ట దిక్కు."

గోపయ్య చావును బాలేష్ మీదికి తోసినవాడి చేతిలోనే ఇప్పుడు బాలేష్ ఉన్నాడు. ఖైదీ పారిపోబోతే ప్రమాదం జరిగిందని చెప్పడం ఎంత తేలికో, చెరువు కట్ట మీద ఆ మాటను కాదనే సాక్షి ఒక్కడూ ఉండడని, ఆ పోలీసులు ముగ్గురికీ తెలుసు. సంజీవకూ వాళ్ల ముఖాలు చూసి తెలిసిపోయింది.

నర్మద తెల్లకారు వైపు చూసింది. ప్యాడు లేదు, తీగలు వేలాడుతున్నాయి, డోరు పేగులు బయటపడినట్టుంది. "అన్నా, డోరు బిగించనీకి ఎంతసేపు?"

"బిగించేదేముంది మేడమ్, ఎక్కుండ్రి!"

సంజీవ అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు. నర్మద పక్క సీట్లో కూర్చుని, విప్పిన డోరును చేత్తో లాగి పట్టుకుంది. జగదీశ్వర్ ఎవరినీ ఏమీ అడగకుండా వెనక సీట్లోకి దూరాడు.

"నర్మదా, ముందుండి నువ్వే చెప్పు, ఏం చెయ్యాల్నో," అన్నాడు.

కారు కట్ట దిక్కు తిరిగింది.